తలుపు దగ్గరి టిక్కీ

గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రామ్ రాసినావిడకి ఓ అలవాటు ఉండేది. కోడ్‌లో ఒక్కో వరుస చదివి కళ్లు మూసుకునేవారు. రెప్పల వెనక చలిగదుల్లో నడుచుకుంటూ పోతున్నట్టుండేది ఆ ముఖం చూస్తే. శాలువా అంచున ఎర్రటి దుమ్ము మెరిసేది.

ఆ ప్రోగ్రామ్‌ని పైథాన్ అనే కంప్యూటర్ భాష రెండో వెర్షన్ నుంచి మూడోదానికి మార్చడానికి వెళ్లాను నేను. పాతదాన్ని కొత్త కంప్యూటర్ తీసుకోవడం లేదు. బయట టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నింపుకున్న లారీలు బారులు తీరి ఉన్నాయి.

"అయిపోయిందండి" అన్నాను ధీమాగా. "ఒక రైతువి ఏడు టిక్కీలు రెండు ర్యాకుల్లో సర్దమంటే, ర్యాక్‌కి మూడున్నర చూపిస్తోంది."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "అర బస్తా ఎవరు మోస్తారబ్బాయ్?"

పాత భాష భాగహారంలో పూర్ణాంకం మాత్రమే ఇచ్చేది. దాన్ని నమ్ముకునే ఆవిడ ర్యాక్‌కి మూడు చొప్పున పెట్టించి, మిగిలిన టిక్కీని తలుపు దగ్గర ఉంచేలా రాశారు. కొనేవాళ్లు వస్తే మచ్చు తీసి చూపించేది దాంట్లోంచే. నా లెక్కలో మిగిలేదే లేదు. ఆ రైతు సరుకు చూపించడానికి తలుపు దగ్గర ఏమీ ఉండదు.

భాగహారపు గీత పక్కన ఇంకో గీత కొట్టాను; అలా రెండు గీతలుంటే కొత్త భాష కూడా పూర్ణాంకమే ఇస్తుంది. ఇప్పటికీ ఆ రెండో గీత కొట్టినప్పుడల్లా ఎక్కడో తలుపు తెరుచుకుని, ఘాటైన చల్లగాలి ముఖాన తగిలినట్టుంటుంది.

"తలుపు దగ్గర ఒకటి నిలబడిందా?" అని అడిగారావిడ.

తెర వంక చూశాను. "ఉందండి."

"ఆ, కనపడింది" అన్నారు, కళ్లు తెరవకుండానే.