ఆకు తిప్పే మామయ్య

మామయ్యకి ఉన్న జబ్బల్లా ఒకటే: నిమ్మజాతి చెట్టు కనిపిస్తే ఆకు తిప్పి చూడందే కాలు ముందుకు పడదు. పరామర్శకి వెళ్లిన ఇంట్లో ఏడుస్తున్నవాళ్లని వదిలేసి పెరట్లోకి నడిచిన మనిషి. ఆకు వెనక ఆవగింజంత పురుగుంటుందట, రసం పీలుస్తుందట, జబ్బుచెట్టులోని సూక్ష్మజీవుల్ని ఆ నోటితోనే మంచిచెట్టుకి అంటిస్తుందట. ఈ "అట"లు వినీ వినీ మేనకోడలికి చెవులు చిల్లులు పడ్డాయి.

ఆమెది నారింజ మొక్కల నర్సరీ. మామయ్య పొద్దస్తమానం అక్కడే.

"మామయ్యా, కొనడానికొచ్చినవాళ్ల చొక్కాలు దులపకు. పారిపోతున్నారు."

"చొక్కా మీది పురుగు పారిపోవద్దూ తల్లీ!"

ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని వ్యాపారం చేయడం ఎవరి తరం?

ఒకరోజు ఒక రైతు తోట మొత్తానికి మొక్కలు కావాలంటూ లారీతో వచ్చాడు. ఈ బేరం కుదిరితే నర్సరీ నిలబడుతుంది, లేకపోతే తాళం వేసుకోవడమే. "ఈ ఒక్కపూట నోరు మూసుకో, నీకు దండం పెడతాను" అని ఆమె బతిమాలింది. మామయ్య బుద్ధిగా తలూపి మొక్కల మధ్యకి వెళ్లాడు. తిరిగొచ్చి నేరుగా రైతు చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, ఆ పురుగు ఎలా కూర్చుంటుందో తెలుసా?"

"తెలీదండీ."

మామయ్య తల నేలకి వంచి, నడుం పైకెత్తి కూర్చుని మరీ చూపించాడు. తర్వాత దాని గుడ్లు, పిల్లలు, రెక్కలు. ఎండ నడినెత్తికెక్కింది. రైతు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారి మారి, చివరికి "ఇంకోసారి వస్తానమ్మా" అని ఖాళీ లారీ ఎక్కేశాడు.

మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. "నా కడుపు కొట్టావు కదా మామయ్యా!"

మామయ్య ఆమెని వెనక వరసలోకి తీసుకెళ్లి ఒక ఆకు చేతిలో పెట్టాడు. "ఈనెకి అటూ ఇటూ ఒకేలా పసుపెక్కితే ఎరువు చాలనట్టు. ఇలా తలోరకంగా ఎక్కితే జబ్బే. వెనక పురుగులు కూడా చూడు. దీనికి మందు లేదు. ఇవి వెళ్తే ఆయన తోట మొత్తం పోయేది."

"ఆ మాట అప్పుడే అనొచ్చుగా?"

"ఆ లారీవాళ్లందరి ముందు నీ మొక్కలకి జబ్బంటే మళ్లీ నీ గేటెవరు తడతారు? నాకు పిచ్చనుకుంటే పోయేదేముంది, అందరూ అనుకుంటున్నదేగా!"

ఆమె కోపం ఎటు పోయిందో తెలియలేదు. జన్మలో మొదటిసారి మామయ్యని చూస్తే ముద్దొచ్చింది. ఇద్దరూ కలిసి ఆ మొక్కలన్నీ పీకి తగలబెట్టారు. తర్వాత ఆమే రైతుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పురుగు దూరని వల కింద కొత్త మొక్కలు పెంచుతాననీ, ఆగగలిగితే ఆగమనీ అంది.



"అయితే ఆయన నన్ను ఎండలో నిలబెట్టింది నా తోట కోసమా?"

"అవునండీ. ఆయన చూడని మొక్క ఇక మా గేటు దాటదు."

"సరేనమ్మా, ఆగుతాను. ఈసారి మాత్రం ఒక కుర్చీ వేయించు. ఆ పురుగు రెక్కల దగ్గర ఆపేశారు, తర్వాతేమైందో వినాలి."