ఊరు చదవని పేరు

మిసెస్ టాలివర్‌కి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది, అందరికీ ఉన్నట్టే. కానీ మా సైప్రస్ ల్యాండింగ్‌లో ఆ పేరు తెలిసినవాడు ఆవిడ భర్త హోసియా ఒక్కడే. ఆయన పోయాక ఇక ఆవిడకీ, దేవుడికీ తప్ప మరొకరికి తెలియదు. నేను ఆవిడ ఎదురింట్లో ఉండేదాన్ని. ఆడవాళ్ళకి తలలు దువ్వే దుకాణం నాది, వారం వారం ఆవిడ తల దువ్వేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళ గుట్టంతా నా దువ్వెన కిందే రట్టయ్యేది. నాకే తెలియలేదంటే ఇంకెవరికి తెలుస్తుంది?

చేతిసంచీ మీద మాత్రం తెల్లదారంతో 'వి' అని ఒక్క అక్షరం కుట్టుకుంది. పిల్లలకి అది చాలు. వయోలా అని ఒకడు, వెల్మా అని ఒకతె, వెర్నీస్ అని ఇంకొకతె పందేలు కట్టేవాళ్ళు. ఎవరైనా ధైర్యం చేసి అడిగితే, "మొదటి పేరు మిసెస్, ఇంటిపేరు టాలివర్. చాలా, ఇంకా కావాలా?" అని చేతిలో ఒక టీకేక్ పెట్టి పంపేసేది.

ఇదేం చాదస్తం అనుకునేవాళ్ళకి మా ఊరి సంగతి తెలియదన్నమాట. మిసిసిపీలో తెల్లవాళ్ళ ఇంట పాలుతాగే పిల్లాడు కూడా మిస్టరే. మా నల్లవాళ్ళలో తొంభై ఏళ్ళ ముసలాయన కూడా 'ఒరేయ్'. మిసెస్ అన్న ఆ రెండున్నర అక్షరాలు నల్ల ఆడమనిషి పేరు ముందు పెట్టాలంటే వాళ్ళ నాలుక తిరిగేది కాదు. చచ్చిపోయాక పేపర్లో వేసేటప్పుడు కూడా పెట్టేవాళ్ళు కాదు. అందుకే మా మగవాళ్ళు కొందరు అసలు పేరు మింగేసి పొడి అక్షరాలతో తిరిగేవాళ్ళు, ఆడవాళ్ళు భర్త పేరు చాటున నిలబడేవాళ్ళు. ఈ విద్యలో మిసెస్ టాలివర్ అంత మొండిఘటం ఇంకొకరు లేరు.

ఆవిడ తల్లి ఒక పత్తి దొర బంగళాలో వంటమనిషి. ఆ తల్లి ఎత్తుకుని పెంచిన దొర కొడుకు పెద్దవాడై, వాడికీ ఒక కొడుకు పుట్టాడు. వేలెడంత లేని ఆ కొడుకు, అరవై దాటిన ఆ ముసలమ్మని "క్యాలీ, నా బూట్లు తొడుగు" అనేవాడట. కూతుర్ని మొదటిసారి కుట్టుపనికి పంపిన రోజున ఆ తల్లి చెప్పిందట: "చేతులు కూలికిస్తున్నాం, దానికి డబ్బులిస్తారు. పేరెందుకివ్వాలే? దానికేమైనా కూలిస్తారా?" ఈ మాట మిసెస్ టాలివర్ నాతో ఒక్కసారే చెప్పింది, అదీ తల జుట్టు సాపుచేసే నా వేడి దువ్వెన కింద ఉన్నప్పుడు. కదిలితే చెవి కాలుతుంది కాబట్టి ఆవిడ కళ్ళు తుడుచుకోలేకపోయింది.

భుజాలు కుదిరేలా గౌను కుట్టడంలో ఆవిడది మంచి చెయ్యి. అందుకే దొరసానులు కార్లు వేసుకుని మరీ మా వీధికి వచ్చేవాళ్ళు. పేరు తెలియదు. మిసెస్ అనడానికి నోరు రాదు. కొత్తలో నలభై దాటిన మనిషిని "ఏయ్ పిల్లా" అని చూశారు. అంతే, ఆవిడ పాదం కుట్టుమిషను తొక్కుడుబల్ల మీద పడేది. టకటకటకటక అని ఇల్లంతా అదిరేది. పిలిచినావిడ నోరు మూసేదాకా మిషను ఆగేది కాదు.

"మిషను చప్పుడండీ, ఏమీ వినపళ్ళేదు" అనేది తర్వాత, అమాయకంగా.

చివరికి వాళ్ళంతా 'ఇదుగో' దగ్గర రాజీపడ్డారు. ఇరవై ఏళ్ళపాటు ఆ ఊరి గొప్పింటి ఆడవాళ్ళందరికీ ఆవిడ పేరు 'ఇదుగో'. అది చెప్పుకుని మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

పంతొమ్మిది వందల అరవై మూడులో, పత్తి గింజలు నాటే రోజుల్లో, థియో గ్యాంట్ వచ్చాడు. షికాగో కుర్రాడు, ఇరవై రెండో మూడో ఉంటాయి. కాలేజీ చదువు వదిలేసి, రైతుల ఓవరాల్స్ వేసుకుని, మమ్మల్ని ఓటర్లుగా రాయించడానికి వచ్చాడు. జిల్లాలో జనం ఎక్కువ మావాళ్ళే, ఓటర్లలో మావాడు ఒక్కడూ లేడు. ప్రాణమంటే లెక్కలేని కుర్రాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎవరు కనపడినా చెయ్యి చాపి, "మిస్టర్ గీస్టర్ వద్దు, థియో అనండి చాలు, మనమంతా సమానం" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. మాకు పుట్టినప్పటినుంచీ దొరకనిదాన్ని ఈయనగారు అక్కర్లేదని పారేస్తూ తిరుగుతున్నాడు!

మా మౌంట్ నీబో చర్చి పాస్టరు రెవరెండ్ పెటిఫర్డ్‌కి ఆ కుర్రాడంటే పడేది కాదు. పాస్టరు మంచివాడే, కాకపోతే భయస్తుడు. చర్చి తగలబెడతారని ఒక భయం. అంతకన్నా పెద్ద బెంగ, ఇన్నేళ్ళు తను చెప్పినట్టు విన్న జనం ఓవరాల్స్ కుర్రాడి వెనకాల వెళ్ళిపోతారని. టీవీలో దేశమంతా చూసే పెద్ద పెద్ద నాయకుల మధ్య కూడా ఇలాంటి పేచీలే ఉండేవని తర్వాత తెలిసింది. మా ఊరి పేచీ మా ఊరికి తగ్గట్టు చిన్నది, అంతే.

చర్చిలో మీటింగు పెట్టినప్పుడు థియో అన్నాడు: "ఓటరుగా రాయించుకోడానికి మొదట ఒక్కరు కోర్టు మెట్లెక్కాలి. ఆ ఒక్కరూ వెళ్ళాక మిగతావాళ్ళు ఇంట్లో కూర్చోడానికి సిగ్గుపడాలి. అలాంటివాళ్ళెవరు?"

తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. చర్చిలో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పని మిసెస్ టాలివర్‌ది. తెల్లటి చేతితొడుగులతో ఆవిడ అక్కడ నిలబడి ఉంది.

"అక్కడ ఏమడుగుతారు నాయనా?" అంది.

"రాజ్యాంగంలో ఏదో ముక్క ఇచ్చి అర్థం రాయమంటారు. దానికి ముందు పూర్తి పేరు, అడ్రసు."

"పూర్తి పేరంటే?"

"మీ సొంత పేరు, సిస్టర్. తర్వాత దాన్ని రెండు వారాలు పేపర్లో వేస్తారు. కొత్త చట్టం తెచ్చారుగా. ఓటు కావాలన్నది ఎవరో దొరలకి తెలియాలి, పనిలోంచి తీసెయ్యడానికి."

ఆవిడ చూపు చేతితొడుగుల మీదికి దించింది. భయపడిందనుకున్నాడు పాపం. "పేరే కదా సిస్టర్, పోయేదేముంది?" అన్నాడు. మా వెనక వరసలో ఎవరో "అయ్యో వెర్రినాయనా" అన్నారు.

"ఈ పూట భోజనానికి మా ఇంటికి రా, మిస్టర్ గ్యాంట్" అంది ఆవిడ.

మొక్కజొన్న రొట్టె పట్టుకుని నేనూ వెళ్ళాను. వంకే అనుకోండి. థియో ఉడికించిన చిక్కుడు గింజలు, బెండకాయ వేపుడు ఆవురావురుమని తింటుంటే ఆవిడ తల్లి సంగతి చెప్పింది. తినడం ఆపేశాడు.

"మా వైపు పేరు పెట్టి పిలుచుకోవడమే సమానత్వం అనుకుంటామండీ" అన్నాడు మెల్లిగా.

"అలాగే అనుకోవాలి. కానీ మీ ఊళ్ళో వాళ్ళు నిన్ను ముందు మిస్టర్ గ్యాంట్ అన్నారు. ఆ తర్వాత నువ్వు థియో చాలన్నావు. చేతిలో ఉన్నది కాబట్టి వదులుకున్నావు. మాకు చేతిలోకి రావద్దూ?"

ఆ రోజు నుంచి ఆ కుర్రాడు మా వీధిలో ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. చెత్త బండి తోలే ముసలాయనని 'సర్' అంటుంటే, ఆయన తనని కాదనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

తర్వాతి మీటింగులో పాస్టరు లేచి గొంతు సవరించుకున్నాడు. "మిసెస్ టాలివర్ గౌరవం మనందరి గౌరవం. ఆ పేరు తెచ్చి వీధిలో పడెయ్యమని నేను ఆవిడని అడగలేను. కొన్నాళ్ళు ఆగుదాం. దేవుడే దారి చూపిస్తాడు." హాలంతా "ఆమెన్, ఆమెన్" అంది. ఆ ఆమెన్లలో భక్తి తక్కువ, బతికిపోయాం అన్న నిట్టూర్పు ఎక్కువ.

మిసెస్ టాలివర్ చేతితొడుగులు తీసింది. చర్చిలో ఆవిడ చేతితొడుగులు తీయగా చూడటం అదే మొదటిసారి.

"పాస్టర్ గారూ, నా పేరు నేను ఇన్నాళ్ళు దాచుకున్నది మీరంతా దానిమీద కాళ్ళు చాపుకుని కూర్చోడానికి కాదు. సోమవారం నేను వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు రండి."

ఆదివారం సాయంత్రం తల దువ్వించుకోడానికి నా దగ్గరికి వచ్చింది. "జైలన్నా భయం లేదు ఎర్లీనా. పని పోయినా ఎలాగో బతుకుతాను. కానీ పేర్లు రాసుకునే ఆ గుమాస్తా నోట్లో నా పేరు నలుగుతుంటే ఎలా నిలబడాలో తెలియడం లేదు. అక్కడ మిషను కూడా ఉండదు కదే" అంది. దువ్విన తలే ఇంకోసారి దువ్వాను. నాకు ఏడుపొచ్చింది.

సోమవారం కోర్టు వసారాలో మేం చాలామందే వరస కట్టాం. పాస్టరు కూడా వచ్చాడు, సిగ్గుపడే వచ్చాడు. గది తలుపు తీసే ఉంది. గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి, "పేరు?" అన్నాడు.

"మిసెస్ హోసియా టాలివర్."

"నీ మొగుడి పేరు ఎవడికి కావాలే? నీ పేరు రాయి."

ఆవిడ పేరు రాసి, అక్కడిచ్చిన రాజ్యాంగం ముక్కకి అర్థం కూడా రాసి ఇచ్చింది. వాడు కాగితం తీసుకుని చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఓహో, మన 'ఇదుగో'గారి పేరు ఇదా!" అని పక్కగదిలో వాళ్ళని కేకేసి, గొంతు పెంచి పేరు చదవబోయాడు.

నాకు దగ్గొచ్చింది. అలాంటి దగ్గు నాకు జన్మలో రాలేదు. వంగిపోయి, గోడ పట్టుకుని దగ్గాను. నా పక్కనున్న ఆవిడకి అంటుకుంది. ఆమె నుంచి థియోకి. థియో నుంచి పాస్టరుకి. ఇంత గొంతేసుకుని ప్రసంగాలు చేసే మనిషి కదా, పైకప్పు ఎగిరిపోయేలా దగ్గాడు. గుమాస్తా ఒకసారి చదివాడు, మళ్ళీ చదివాడు, సాగదీసి, ముద్దు చేసి, పాటలా పాడి చదివాడు. నోరు కదలడం కనపడింది గానీ ఒక్క ముక్క మా చెవిన పడలేదు. మిసెస్ టాలివర్ వెనక్కి తిరగలేదు. తొక్కుడుబల్ల మీద ఉన్నట్టు ఆవిడ కుడిపాదం మాత్రం నేలమీద ఆడుతోంది.

వాడు కోపంతో బల్ల గుద్దాడు. ఆవిడ పేజీ నిండా రాసిన అర్థాన్ని చూడనైనా చూడకుండా పక్కకి తోసి, గుమ్మంలోకి వచ్చి మా అందరి మీదా అరిచాడు. "అందరూ ఫెయిల్! మీ వీధిలో ఒక్కరికి కూడా చదవడం రాదు. పోండి!"

గురువారం పేపరు వచ్చింది. పేరు, ఇంటి నంబరు, వీధి, అన్నీ వేశారు. ముందు మిసెస్ లేదు, మామూలే. మధ్యాహ్నానికి బ్యాంకు మేనేజరు భార్య కారు వచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళుగా ఇదుగో అన్న ఆవిడ అద్దం దించి, నోరారా ఆ పేరు పెట్టి కేకేసింది. లోపల మిషను మోగింది. ఆగకుండా మోగింది. చివరికి ఆవిడే దిగివెళ్ళి, కూతురి పెళ్ళికి సగం కుట్టిన గౌను లాక్కుని పోయింది. ఆ తర్వాత మా వీధికి కార్లు రాలేదు.

పేపరు నా దుకాణంలో బల్ల మీద పడి ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ దాన్ని చూసింది, చూసి వాన సంగతీ చికెన్ ధర సంగతీ మాట్లాడింది. పందేలు కట్టిన పిల్లలు కూడా చూశారు. గెలిచినవాడు పందెం అడగలేదు.

ఆదివారం మిసెస్ టాలివర్ మామూలుగానే చేతితొడుగులు వేసుకుని చర్చి గుమ్మంలో నిలబడింది. మామూలుగా అన్నాను గానీ, చూపు నేల మీదే ఉంది. ఆ పేరు ఎవరి నోట మొదట వస్తుందా అని కాచుకుని ఉందని నాకు తెలుసు.

"గుడ్ మార్నింగ్ మిసెస్ టాలివర్" అన్నాడు తొంభై ఏళ్ళ ముసలాయన, టోపీ తీసి. ఆయన వెనక ఆయన కోడలు, "గుడ్ మార్నింగ్ మిసెస్ టాలివర్." ఆ వెనక పిల్లలు, ఒక్కొక్కరే. థియో వచ్చి తలవంచి అన్నాడు. పాస్టరు వేదిక దిగి గుమ్మందాకా నడిచొచ్చి మరీ అన్నాడు.

అందరూ కూర్చున్నాక ఆవిడ నా పక్కకి వచ్చి చెవిలో అడిగింది. "ఏమే ఎర్లీనా, ఈ ఊళ్ళో ఎవరూ పేపరు చదవరా?"

"ఎలా చదువుతామండీ? మనకి చదవడం రాదని గుమాస్తాగారే చెప్పారుగా."

చేతితొడుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

రెండేళ్ళకి మా ఓటుకి ఎవరూ అడ్డుపడకూడదని కేంద్రం చట్టం తెచ్చాక, పోస్టాఫీసులో కొత్త ఆఫీసరు కూర్చుని పేర్లు రాసుకున్నాడు. "దయచేసి కూర్చోండి, మిసెస్ టాలివర్" అన్నాడట. ఆ తర్వాత సొంత పేరు చెప్పడం ఏమంత కష్టమనిపించలేదని ఇంటికొచ్చి నాతో చెప్పింది. ఆవిడ ఇప్పుడు లేదు. హోసియా పక్కన సమాధి రాతిమీద మిసెస్ హోసియా టాలివర్ అని చెక్కించాం.

ఈమధ్య కాలేజీ అమ్మాయి ఒకతె టేపురికార్డరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కథంతా విని, "ఇంతకీ ఆవిడ అసలు పేరేంటండీ? పేపర్లో వచ్చిందన్నారుగా, మీరు చూశారుగా?" అంది.

"చూశానమ్మా" అన్నాను. "కానీ నాకు చదవడం రాదు."