తడిగుడ్డ నౌకరీ

రాయపూర్ బస్టాండులో మా బస్సు ఇంజను గుర్రుమంటోంది గానీ బస్సు మాత్రం కదలదు. మిట్టమధ్యాహ్నం. నేను కిటికీ అద్దం తెరిచి మూసి, మూసి తెరిచి విసిగిపోతున్నాను. పక్క సీటులోని పెద్దావిడ నాకంటే అస్థిమితంగా ఉంది. ఒళ్లో ఉన్న అట్టపెట్టె తెరుస్తుంది, అందులోని ఇనుప వస్తువును చూస్తుంది, మళ్లీ మూస్తుంది. “ఎందుకు కొన్నానో” అని తెలుగులో గొణుక్కుంది.

అదేమిటని అడిగాను.

“బండి ఇంజనుకి పెట్రోలు అందించే కరెంటు పంపు బాబూ. మాది పాత పెట్రోలు ట్రక్కు, టెంటుహౌసు సామాన్లు తోల్తాం. దోపహర్ ఎండెక్కితే ఇంజను వేడికి పంపులో పెట్రోలు మరిగిపోయి బండి బంద్ పడిపోద్ది. నేను దిగి పంపు మీద తడిగుడ్డ ఏస్తాను. చల్లారాక మా ఆయన స్టార్ట్ చేస్తాడు. పెళ్లయిన కాడి నుంచీ ఇదే నా నౌకరీ.”

“మరి ఇది?”

“దీన్ని ఎనకాల పెట్రోలు టంకీ దగ్గర బిగిస్తారంట. అక్కడ ఇంజను వేడి తగల్దు, బండి ఆగదంట. ఆయన ఖుష్. ‘ఇంక నువ్వు హాయిగా ఇంట్లో కూకో’ అన్నాడు.”

బస్సు కదిలింది. ఆవిడ పెట్టె మూసి, మళ్లీ తెరిచి, నా వైపు తిరిగింది.

“ఇది కూడా వేడెక్కుద్దా బాబూ?”

నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. “రాయపూర్ ఎండకి వేడెక్కకుండా ఉంటుందా” అన్నాను.

ఆవిడ పెట్టె మూసేసి నిశ్చింతగా వెనక్కి వాలింది. దిగేదాకా మళ్లీ తెరవలేదు.

దారిలో ఆగిపోయిన ట్రక్కు కనబడితే నేనిప్పటికీ ఎడమవైపు తలుపు కేసి చూస్తాను, ఎవరైనా తడిగుడ్డతో దిగుతున్నారేమోనని.