మావ గ్లాసులో నీళ్ళు

కాశీబుగ్గ రోడ్డులో కొత్త హోటల్ అందంగా ఉంది, చవక, మర్యాద బాగా చేస్తున్నారు అని ఊరంతా ఒకటే పొగడ్త. ఊరంతా పొగిడేదంటే నాకు అక్కడే మంట. అయినా మా అమ్మ తమ్ముణ్ణి, మా చిన్న మావని, అక్కడికే తీసుకెళ్ళాను. పూండి నుంచి ఏదో పని మీద పలాస వచ్చిన మనిషి సగానికి సగం చిక్కిపోయి కనిపించాడు. ఉద్దానంలో మనిషి అలా చిక్కితే ఎవరికైనా ముందు తట్టేది కిడ్నీల జబ్బే. అడిగేశాను. అదేం లేదు, ఎండలన్నాడు. కడుపునిండా తింటే చూసి నా భయం తీర్చుకుందామనుకున్నాను.

లోపల చేపల గంపలు బోర్లించి దీపాలు వేలాడదీశారు. భావనపాడు రేవులో చివికితే పారేసేవి ఇక్కడ ఫ్యాషన్. జీడిపప్పు కూర తెప్పిస్తే అన్నీ విరిగిన ముక్కలే. జీడిపప్పుకి పేరుపడ్డ పలాసలో కూర్చుని పలాస వాడికే ముక్క పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి. పైన పటారం, లోన లొటారం. ఇదంతా చెప్తుంటే మావ నవ్వాడు గానీ రెండు ముద్దలకు మించి తినలేదు. ఆ కూర ఎవరికి మాత్రం దిగుతుందిలే అనుకున్నాను.

వడ్డించే నడివయసు మనిషి మాటకోసారి తల వంచుతున్నాడు. ఆ వినయం కూడా నాకు అద్దెకి తెచ్చిన సరుకులాగే తోచింది. నా గ్లాసు రెండు గుక్కలు తగ్గితే చాలు, నింపేస్తున్నాడు. మావ గ్లాసు మాత్రం ఖాళీ. మావది నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు. మొహం చూసి నీళ్ళు పోస్తారన్నమాట, అని ఒళ్ళు మండింది. ఈయన నీ కంటికి మనిషిలా ఆనలేదా అని పక్క టేబుళ్ళ వాళ్ళు కూడా తిరిగి చూసేలా అడిగాను.

అతను మళ్ళీ తల వంచాడు. మావ చెయ్యి కడుక్కోడానికి లేచాక నా పక్కకి వచ్చి వంగాడు.

"నాను కావాలనే పొయ్యనేదు బావూ. ఇందాక తినకముందు ఆ బావు సెయ్యి కడుగుతున్నప్పుడు ముంజేతి కాడ ఉబ్బిన నరం సూసినాను. డయాలసిస్ నరం అది. మా ఇంట్లోనూ ఉన్నారు. నీళ్ళు కొలుసుకుని తాగాల."

వచ్చిన దగ్గర్నుంచి ఆ హోటల్లో తప్పులు పట్టడమే నా పని. ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి చూడలేదు. నా మీద నాకే థూ అనిపించింది.

మావ తిరిగొచ్చి నా మొహం చూశాడు. కూర్చోలేదు.

"మీ అమ్మకి సెప్పకు అల్లుడూ. తన కిడ్నీ ఇత్తానని కూకుంటాది."