గుడ్డ కట్టిన వంగ మొక్కలు

మంగళవారం, ఉదయం ఏడుంబావు. భవానీపురం దాటాక ఏటి ఒడ్డున ఉన్న మా చేలో, నా భార్య విత్తనానికని ఎంచిన రెండు వంగ మొక్కలను నా చేత్తోనే పీకాను. అప్పటికి ఆమె పోయి మూడు నెలలు.

మేం వంగ విత్తనం ఎన్నడూ కొనలేదు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న చారల వంకాయ మాది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. ఏటా తొలి పూతకే మంచి మొక్కలు చూసి పాత చీర పేలిక కట్టేది. గుడ్డ ఉంటే ఆ కాయ కొయ్యకూడదు, పండి పసుపు తిరిగేదాకా ఉంచాలి. రాసి పెడితే నేను చదవలేనని గుడ్డ పెట్టింది. అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పిందీ ఆమే, అయినా గుడ్డ మానలేదు. ఈ యేడు విత్తనాల డబ్బా అడుగంటా దులిపి నారు పోసింది, రెండింటికి గుడ్డ కట్టింది, పోయింది.

తర్వాత వెర్రి తెగులు కనబడింది. ఆకులు చిట్టివైపోయి మొక్క చీపురుకట్టలా గుబురు కడుతుంది, కాయ రాదు. వ్యవసాయశాఖ అమ్మాయి ఆకు తిప్పి చూపించింది. అడుగున పచ్చదోమ.

"జబ్బు మొక్క రసం తాగి, అదే నోటితో మంచి మొక్కను కుడుతుందండీ. రసంలోని సూక్ష్మజీవి దీనికీ ఎక్కుతుంది. మందుకి దోమ చస్తుంది గానీ మొక్క బాగుపడదు. పీకి కాల్చెయ్యండి."

కాగితం కూడా ఇచ్చింది. కూడబలుక్కుని నేనే చదివాను. పీకమనే ఉంది.

జబ్బువన్నీ పీకాను. గుడ్డ ఉన్న రెంటికీ జబ్బే, వాటిని మాత్రం వదిలేశాను. కోలుకుంటాయనుకున్నాను. విత్తనం వాటిదే కదా అని, మంచి మొక్కల కాయలన్నీ లేతగానే కోసి బజారుకి పంపేశాను.

పక్క చేను మా బామ్మర్దిది. గట్టు మీద నుంచి దెప్పేవాడు.

"ఏం బావా, చీపుళ్ల వ్యాపారమా?"

"నోర్ముయ్‌రా. మీ అక్క కట్టిన గుడ్డ అది."

"అక్క కట్టింది కాయ కోసం. నువ్వు దోమలకి విస్తరేశావు."

నెల తిరిగేసరికి మా చేనంతా చిట్టి ఆకులే. వాడి చేలోనూ మొదలైంది. విత్తనానికి ఒక్క కాయ మిగల్లేదు. ఆ మంగళవారం పొద్దున వాడు దెప్పలేదు. గట్టు దిగి వచ్చి, "పీకేద్దాం బావా" అన్నాడంతే.

పేలిక విప్పబోయాను. ఆమె వేసిన ముడి, రాలేదు. బామ్మర్ది కొడవలి అందించాడు. కొయ్యబుద్ధి కాలేదు. మొక్కతో పాటే మంటలో పెట్టాను. "దోమ చేసిన పనండీ, మీరేం చేస్తారు" అంది, చేను చూడ్డానికి మళ్లీ వచ్చిన వ్యవసాయశాఖ అమ్మాయి. దోమకి చదువు రాదు. కాగితం చదివింది నేను.

ఆ రోజు చేలో ఉన్నది నేను, మా బామ్మర్ది, వ్యవసాయశాఖ అమ్మాయి. ముగ్గురమే.