కోయని వల

మా పక్కింటి అప్పలకొండ రోజూ మా సముద్రపు ఒడ్డు నుంచి చేపల తట్ట ఎత్తుకుని ఎస్. రాయవరం వెళ్లి అమ్ముకొస్తుంది. బేరం దగ్గర నోరు పెద్దదే గానీ తూకంలో మోసం చేయదు. భర్త పరదేశి, తమ్ముడు పైడిరాజు ఇద్దరూ గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లేవారు.

అక్కడ కచ్ దగ్గర సముద్రంలో ఒక గీత ఉందంటారు. ఎక్కడుందో మనదీ పాకిస్తాన్‌దీ ఒక మాట కాదు. యుద్ధాలు చేశారు, ఒప్పందాలు రాసుకున్నారు, ఆ నీళ్లు ఎవరివో మాత్రం తేల్చలేదు. పెద్దలు టీలు తాగి లేచి వెళ్లిపోయారు. వాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకరోజు సముద్రపు పోటుకి వల ఆ గీత వైపు కొట్టుకుపోయింది. తాడు కోసేయమని పరదేశి అరిచాడు. కత్తి పైడిరాజు చేతిలో ఉంది. మా ఒడ్డున వల కోసినవాణ్ణి మళ్లీ ఏ బోటూ ఎక్కించుకోదు, గంగమ్మకు ద్రోహం చేశాడంటారు. అందుకని వాడు కోయలేదు. వల వెంట బోటు పోయింది, పాకిస్తాన్ వాళ్లు అందరినీ పట్టుకెళ్లి కరాచీ జైల్లో వేశారు.

శిక్ష తీరినా వదల్లేదు. రెండు దేశాలూ మాట్లాడుకుంటే కొందరిని పంపిస్తారు, కాల్పులు జరిగితే మానేస్తారు. పరదేశికి జబ్బు చేసినప్పుడు కాల్పులు జరుగుతున్నాయి. అక్కడే పోయాడు. శవం ఎప్పటికో పెట్టెలో వచ్చింది. మూత తీయొద్దన్నారు. అప్పలకొండ మొగుడి మొహం చూడకుండానే పూడ్చిపెట్టింది.

ఆ తర్వాత పైడిరాజును వదిలారు. ఇంటికొచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మీ బావ కొయ్యమన్నాడంట. ఎందుకు కొయ్యలేదు?"

"కోత్తే నన్ను ఏ బోటోడు ఎక్కించుకుంటాడక్కా?"

మర్నాడు బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి అప్పలకొండ ఇంట్లో ఉన్న పరదేశి వలను ఇసుకలోకి ఈడ్చుకొచ్చి, చేపల కత్తి తమ్ముడి చేతిలో పెట్టింది.

"కొయ్యి."

"అందరూ సూత్తన్నారక్కా."

"సూడాలనే తెచ్చేను."

ఎవరూ అడ్డుపడలేదు. నేనూ ఆపడానికి వెళ్లలేదు, వెళ్లాలనిపించలేదు. వాడు ఏడుస్తూ వలంతా ముక్కలు చేశాడు.

ఇప్పుడు వాణ్ణి ఏ బోటూ పిలవదు. అక్క తట్టకి ఐసు కొడుతుంటాడు. అప్పలకొండ వాడికి పరదేశి కంచంలోనే అన్నం పెడుతుంది. వాడు మొదటి ముద్ద కలిపేదాకా ఆగి, రోజూ ఒకటే మాట అంటుంది.

"ఆ రోజే కోసుంటే ఇందులో మీ బావ తినేవోడురా."