మాట పడిపోయిన ఫోను

ఆదోని బస్టాండు వెనక సందులో ఒక ఫోన్ల రిపేరు కొట్లో ఐదేళ్ళు పనిచేశాను. కొట్టు ఒక ముస్లిం పెద్దాయనది. బజారంతా ఆయన్ని భాయ్ అనేది, నేనూ అంతే. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన చెయ్యి ఆయనది. పగిలిన ఫోన్లూ తడిసిన ఫోన్లూ ఆయన చూసుకునేవాడు. సాఫ్ట్‌వేరు పని నాది.

మా దగ్గరికి ఎక్కువగా పాత ఫోన్లే వచ్చేవి. కొని కొన్నేళ్ళయితే కంపెనీ వాటికి కొత్త సిస్టమ్ పంపడం మానేస్తుంది. ఫోను గుండ్రాయిలా ఉంటుంది గాని ఒక్కొక్క యాపే తెరుచుకోనంటుంది. అలాంటి ఫోన్ల కోసం ఎక్కడెక్కడో ఉన్న ఆసక్తిపరులు సొంతంగా సిస్టమ్ తయారుచేసి నెట్‌లో పెడతారు. దాన్ని కస్టమ్ రోమ్ అంటాం. పాతది చెరిపి దాన్ని ఎక్కించాలి. అందులో రెండు రకాలు. నెలల తరబడి వాడి, తప్పులు దిద్ది వదిలేది స్టేబుల్. పొయ్యి మీంచి దించీ దించకముందే రుచి చూడమని వదిలేది బీటా.

భాయ్ దగ్గర ఒకటే మాట. "మంది ఫోన్లకు స్టేబులే ఎక్కియ్యాల. నీకు సరదా ఉంటే నీ ఫోను పాడుసేసుకో."

నాకు బీటాలంటే పిచ్చి. ఈ పని చేసేవాళ్ళకు నెట్‌లో ఒక గ్రూపు ఉండేది. కొత్త బీటాను ఏదైనా మోడల్ మీద అందరికంటే ముందు నడిపించి ఫోటో పెట్టినవాడి పేరు పక్కన 'టెస్టర్' అని చేర్చేవాళ్ళు. దానికి జీతం లేదు, బహుమతి లేదు. ఆ ఒక్క మాట కోసం రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను.

ఒక ఉదయం ఎమ్మిగనూరు నుంచి ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. పుట్టుగుడ్డి. చేతికర్రతో ఒక్కడే బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ సందులోకి వచ్చాడు. అన్నావదినల ఇంట్లో ఉంటాడట. అన్న మగ్గం నేస్తాడు, ఈయన కండెలకు నూలు చుడతాడు. పోగులో వెంట్రుకంత ముడి ఉన్నా వేళ్ళకు తెలిసిపోతుందట. ఆ మాట చెబుతూనే మా బల్ల మీద పడి ఉన్న చార్జర్ వైర్లను తడిమి, ఒకటి పైకి తీశాడు.

"ఇది లోపల తెగింది సూడప్పా."

పెట్టి చూస్తే నిజంగానే పనిచేయలేదు.

ఆయన ఫోను మాట్లాడేది. తెర మీద వేలు ఆనిస్తే అక్కడేముందో తెలుగులో చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. ఆయనలాంటి చూపులేనివాళ్ళు కొందరు ఒక గ్రూపు పెట్టుకుని, గొంతు రికార్డు చేసి ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. రోజూ పొద్దున్నే పొడుపుకథ వేసేది ఈయనే. ఇప్పుడా యాపు పాత సిస్టమ్ మీద నడవనంటోంది.

"వారమాయె. నా పొడుపుకత లేక వాళ్ళకు తెల్లారడం లేదప్పా," అని నవ్వాడు.

ఆ రోజు భాయ్ పెళ్ళికని గూడూరు పోయాడు. ఫోను చేసి అడిగితే, "ఆ మోడల్‌కు స్టేబుల్ ఉండాది గదా, అదే ఎక్కియ్యి" అన్నాడు. ఉంది. కానీ అదే మోడల్‌కు ఆ ఉదయమే ఒక బీటా కూడా దిగింది. గ్రూపులో ఇంకా ఎవరూ ఫోటో పెట్టలేదు. బీటా వివరాల్లో అడుగున ఒక వరుస ఉంది: తెర చదివే సదుపాయం ఇంకా పరీక్షించలేదు. ఆ వరుస నేను చదివాను. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషికి కళ్ళు లేవని కూడా నాకు కనిపిస్తూనే ఉంది.

"బాగా ఆడేదే కదప్పా?" అని అడిగాడాయన.

"కొత్తదన్నా. పాతదానికంటే బాగుంటాది."

గంటలో పనైపోయింది. తెలుగు గొంతు పెట్టాను, ఫోను మాట్లాడింది. ఆయన అక్కడికక్కడే ఒక పొడుపుకథ రికార్డు చేసి పంపాడు. అది పోగానే నేను ఫోను తీసుకుని బల్ల మీద పెట్టి ఫోటో తీశాను. ఆయన బస్సెక్కేలోపే నా పేరు పక్కన 'టెస్టర్' చేరింది. ఆ మధ్యాహ్నం నేను బిర్యానీ తెప్పించుకుని తిన్నాను.

దారిలో కోటేకల్లు దాటాక ఫోను మాట పడిపోయిందట. ఇది తర్వాత తెలిసింది. మాట పోయింది గాని, రెండుసార్లు తడితేనే తెరుచుకునే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. దాంతో ఒక్కసారి నొక్కడమే అలవాటైన వదినకు కళ్ళున్నా అది లొంగలేదు. ఫోను మోగుతుంది, ఎత్తడానికి రాదు. ఆపడానికీ రాదు. ఒక రోజంతా దాన్ని దుప్పట్లో చుట్టి పెట్టెలో పడేశారు. నూలిచ్చే షావుకారు మోగించీ మోగించీ విసిగి, ఈయనకిచ్చే చుట్టుడు పని వేరేవాళ్ళకిచ్చాడు.

వారం తర్వాత వదినను వెంటబెట్టుకుని వచ్చాడు. ఈసారి భాయ్ కొట్లోనే ఉన్నాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి నా వైపు తిరిగాడు.

"ఏం ఎక్కిచ్చినావురా?"

"స్టేబులే భాయ్," అన్నాను. నోరు దానంతటదే ఇంకో మాట కలిపింది. "ఈయనే ఏదో నొక్కినాడు."

వదిన వెంటనే అందుకుంది. "నేను ఇంట్లో అదే మొత్తుకుంటి. ఏది తాకినా ఇట్లే. మొన్న పాల గిన్నె, ఇప్పుడిది."

ఆయన గాబరా పడలేదు. "నా యేళ్ళు తప్పు నొక్కవప్పా. ఆడేముంటాదో నాకు తెలుసు," అన్నాడు నెమ్మదిగా.

ఆ నెమ్మది చూసి నాకు భయం వేసింది. ఇంకో మాట అంటే భాయ్ ఆయన్నే నమ్మేటట్టున్నాడు.

"సూసినావా?" అన్నాను. "నువ్వు ఏం నొక్కినావో నువ్వు సూసినావా అన్నా?"

ఆయన బొటనవేలితో మిగతా వేళ్ళ కొసలు ఒక్కొక్కటే రుద్దుకున్నాడు.

"లేదప్పా," అన్నాడు. "నేను సూళ్ళేదు."

స్టేబుల్ ఎక్కించి ఇచ్చాను. ఫోను మాట్లాడింది. పోయేటప్పుడు ఆయన నా భుజం వెతికి పట్టుకుని, "నీకు పని మీద పని పెట్టినా, ఏమనుకోవద్దు," అన్నాడు. ఏమనుకోనని చెప్పాను.

పదిహేను రోజులకు ఆ బీటాను తయారుచేసినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. అప్పటికే బజారులో ఇంకో కొట్టతను ఆ గ్రూపులోని నా ఫోటోను భాయ్‌కి చూపించాడు. ఫోను కింద మా బల్ల, పక్కన ఆయన చేతికర్ర. భాయ్ కేకలు వేయలేదు.

"కండ్లు దేవుడు తీసినాడు. యేళ్ళు నువ్వు తీసినావు గదరా. పోయి నిజం సెప్పిరా."

నేను పోలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. భాయ్ నన్ను తీసేయలేదు. కానీ ఆ రోజు నుంచి నేను చేసిన ప్రతి ఫోనునూ తెచ్చినవాళ్ళ ఎదురుగానే తీసుకుని, మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూసి ఇచ్చేవాడు. చివరికి ఆ అవమానమే నన్ను ఎమ్మిగనూరు బస్సెక్కించింది. జాలితో పోయానని చెప్పలేను.

ఆయన వసారాలో రాట్నం ముందు కూర్చుని అన్న మగ్గానికి కండెలు చుడుతున్నాడు. ఒక కండె చుట్టి, తడిమి, గుమ్మం వైపు చాచాడు. "వదినా, సరిగ్గుందా సూడు." ఆమె చూసి, ఉందంది. ఇంకొకటి చుట్టాడు. మళ్ళీ చాచాడు. పొడుపుకథలు పంపుతున్నావా అని అడిగాను. అప్పుడప్పుడు వదినకు తీరిక దొరికితే ఆమె నొక్కి పెడుతుందట.

చెప్పేశాను. బీటా సంగతి, నేను చదివిన ఆ వరుస, భాయ్ ముందు ఆడిన అబద్ధం, అంతా. నీ వేళ్ళు ఏ తప్పూ చేయలేదన్నా అన్నాను.

ఆయన నవ్వాడు. "నన్ను ఓదార్సేకి ఇంత దూరం వచ్చినావా? మంచోనివప్పా నువ్వు."

"ఒట్టు అన్నా. నేనే సేసినా."

"ఉండనీలే. నాకు తెలుసు గదా. అప్పటినుంచి సూస్తాండా, అన్నీ తప్పులే పోతాండాయి."

వదిన నన్ను వాకిలి దాకా సాగనంపింది. నా మాట నిజమని ఆమెకు అర్థమైందని ఆ ముఖంలోనే తెలిసింది. నువ్వైనా చెప్పక్కా, నీ మాటైతే నమ్ముతాడు అన్నాను.

"ఇప్పుడెందుకప్పా అదంతా?" అంది గొంతు తగ్గించి. "ముందు నా యేళ్ళు నా యేళ్ళని ఒకరి మాట ఇనేటోడు కాదు. యాడికి పోతాండాడో సెప్పేటోడు కాదు. ఇప్పుడు సెప్పినట్ల ఇంటాండాడు. ఇట్లే ఉండనీ."

లోపలి నుంచి ఆయన పిలిచాడు. "వదినా, ఇది సూడు."

ఆమె తలుపు దగ్గరగా వేసి లోపలికి పోయింది.